మైకు మాట్లాడిన తెర

అతని అసలు పేరు జీతం కాగితం మీద తప్ప ఇంకెక్కడా కనపడేది కాదు. బస్టాండు మొత్తానికీ అతను మైకు. ఏ బస్సు ఏ గేటు దగ్గరుందో, ఏది ఆలస్యమో, ఎవరి పిల్ల తప్పిపోయి ఆఫీసు గదిలో ఏడుస్తోందో అందరికీ అతని గొంతే చెప్పేది. బెంచీల మీద తూగుతున్నవాళ్ళు ఆ గొంతు వినగానే సంచులు సర్దుకుని లేచేవాళ్ళు. మనిషిని చూస్తే మాత్రం ఊదితే ఎగిరిపోయేలా ఉండేవాడు. "ఈ బక్కప్రాణంలో అంత గొంతు ఎక్కడ దాచావురా?" అని డ్రైవర్లు ఆటపట్టిస్తే, "నేను తిన్నదంతా అదే తినేస్తోందన్నా" అనేవాడు.

ఆ గొంతుకే జబ్బు వచ్చింది. మొదట బొంగురు అన్నారు, తర్వాత పుండు అన్నారు, ఆ తర్వాత ఎవరూ ఏమీ అనలేదు. ఆపరేషన్ చేసి స్వరపేటిక తీసేశారు. మెడ కింద చిన్న రంధ్రం పెట్టారు. ఊపిరి అందులోంచి వచ్చేది. మాట మాత్రం ఎందులోంచీ వచ్చేది కాదు. పెళ్ళి ఊసెత్తితే నవ్వేసి తప్పించుకున్న మనిషి కాబట్టి, ఆస్పత్రి నుంచి నేరుగా అక్క ఇంటికే వచ్చాడు.

అక్క బట్టలు ఉతికిచ్చే దుకాణంలో ఇస్త్రీ బల్ల దగ్గర పనిచేసేది. భర్త పోయాక రెండు గదుల ఇంట్లో ఒక్కతే ఉంటోంది. తమ్ముడి మంచం కిటికీ గదిలో వేసి, తన పక్క వంటగదిలోకి మార్చుకుంది. మందుల వల్ల అతని వేళ్ళు మొద్దుబారాయి. కలం పట్టుకుంటే జారిపోయేది. ఫోను అద్దం మీద ఒకటి నొక్కితే మూడు పడేవి. అప్పుడు బస్టాండు మేనేజరు, ఆఫీసులో మూలన పడున్న పాత ల్యాప్‌టాప్ ఒకటి పంపించాడు. ఇటుకంత మందం, దాదాపు అంత బరువూ. అయినా దాని మీటలు లోతుగా దిగేవి, టక్కుమని చప్పుడు చేసేవి. మొద్దువేలికి కూడా అది తెలిసేది. ఒక్క వేలితో అతను టైపు చేస్తే, అక్క చూసి పైకి చదివేది.

చదవడంలో మాత్రం ఆమె తన చెయ్యి కూడా వేసేది. ఒకసారి డాక్టరుగారు మధ్యాహ్నం దాటాక తీరిగ్గా వస్తే, మైకు కసిగా టైపు చేశాడు: ఈయనకి గడియారం చూడటం రాదా? అక్క చిరునవ్వుతో చదివింది. "మీ కోసమే ఎదురు చూస్తున్నాం డాక్టరుగారూ, అంటున్నాడు." మైకు బల్ల మీద గుద్దాడు. డాక్టరు కంగారుపడి, "నొప్పా?" అన్నాడు. "అవునండీ, నొప్పే" అంది అక్క.

ఇంటికొచ్చాక అతను పెద్ద అక్షరాలతో టైపు చేశాడు: నా మాటలకి నువ్వు ఇస్త్రీ చెయ్యకు.

"చెయ్యకపోతే నిన్ను ఏ డాక్టరూ గుమ్మం తొక్కనివ్వడు" అంది ఆమె. ఇద్దరూ నవ్వుకున్నారు. అతని నవ్వు రంధ్రంలోంచి గాలిలా వచ్చింది.

కొన్నాళ్ళకి తెర మసకబారడం మొదలైంది. అక్క ముందు తడిగుడ్డ పెట్టి తుడిచింది. ఆమెకి తెలిసిన మసకలన్నీ తుడిస్తే పోయేవే. అది పోలేదు. మైకు సూర్యుడి బొమ్మ ఉన్న మీట పదేపదే నొక్కాడు. కాస్త వెలిగినట్టే వెలిగి మళ్ళీ నీరసించింది. ఛార్జరు తీస్తే వెలుతురు తగ్గుతోందేమోనని ఎప్పుడూ పెట్టే ఉంచారు. ఆపి మళ్ళీ పెట్టి చూశారు. పక్కింటి టీచరుగారు వచ్చి, సెట్టింగులన్నీ ఆ చివర నుంచి ఈ చివర దాకా తిప్పి, "దీని ఆయువు తీరిందమ్మా" అని చెప్పి వెళ్ళింది. ఆ మాట మంచం పక్కనే నిలబడి అన్నందుకు అక్కకి ఒళ్ళు మండింది.

తర్వాత రెపరెపలు మొదలయ్యాయి. మూత ఒక వాలులో ఉంటే తెర నిలకడగా ఉండేది. వేలెడు అటూ ఇటూ అయితే మిణుకుమిణుకుమని ఆరిపోయేది. అక్క మూత వెనక మడతపెట్టిన దుప్పటి ఆనించి ఆ వాలు చెదరకుండా చూసేది. పూర్తిగా చీకటైపోయిన రోజున, విసుగొచ్చి టార్చి వేసి తెర మీదకి కొట్టింది. అక్షరాలు ఉన్నాయి! బావి అడుగున పడిన బిందెలా లీలగా కనపడుతున్నాయి. మాట పోలేదు, దాని వెనక దీపమే పోయింది. అప్పటి నుంచి ఆమె ఒక చేత్తో టార్చి పట్టుకుని, ముక్కు తెరకి ఆనేంత దగ్గరగా వంగి చదివేది.

ఇంతలో జబ్బు తిరగబెట్టింది. ఈసారి ఊపిరితిత్తుల్లోకి దిగింది. డాక్టరు స్కాన్ ఫొటోలు గోడకున్న దీపానికి పెట్టి చూసి, ఇంకో కొత్త మందు ఉందన్నాడు. కష్టంగా ఉంటుందనీ, ఆస్పత్రిలోనే ఉండాలనీ, ఎంత పనిచేస్తుందో చెప్పలేమనీ అన్నాడు. "మీరేమంటారు?" అని మైకుని అడిగాడు.

మైకు ఒళ్ళో ల్యాప్‌టాప్ పెట్టుకుని చాలాసేపు మీటలు నొక్కాడు. అక్క టార్చి వేసి వంగింది. తెర మీద ఉంది: వద్దు. ఇంక చాలు. ఇంట్లోనే ఉంటాను.

ఆమె చదివింది, కానీ పైకి చదవలేదు. టార్చి అటూ ఇటూ తిప్పింది. మూత కదిపింది. "కనపడటం లేదురా. పాడుది, మళ్ళీ ఆరిపోయింది" అంది. డాక్టరు వైపు తిరిగి, "మొదలుపెట్టండి డాక్టరుగారూ. వాడికీ అదే కావాలి" అంది.

మంచం ఖాళీ అవగానే కబురు చేస్తామని డాక్టరు చెప్పాడు. మైకు అక్క మొహంలోకి చూశాడు. కోపం లేదు, బతిమాలడమూ లేదు. బస్సు వెళ్ళిపోయాక గేటు దగ్గర నిలబడిపోయిన మనిషిలా చూశాడు. మూత మూసేశాడు.

ఆ తర్వాత అతను దాన్ని తెరవలేదు. ముక్కులో వేసిన ట్యూబులో పాలు పోస్తే పోయించుకునేవాడు. ఒళ్ళు తుడిస్తే తుడిపించుకునేవాడు. "ఏమైనా చెప్పరా" అని ఆమె ల్యాప్‌టాప్ ముందు పెడితే గోడవైపు తిరిగేవాడు. ఇంట్లో అతని మెడ రంధ్రంలో ఊపిరి ఆడే చప్పుడు తప్ప ఇంకేమీ లేదు. గొంతు తీసేసిన రోజున కూడా ఆమెకి తమ్ముడు మూగవాడు అనిపించలేదు. ఇప్పుడనిపించింది.

ఒకరోజు దుకాణంలో తెల్ల చొక్కా మీద ఇస్త్రీ పెట్టె పెట్టి మర్చిపోయింది. కమురు వాసన వచ్చేదాకా తెలియలేదు. యజమాని కేకలేస్తున్నా ఆమె చెవికెక్కలేదు. పని మధ్యలోనే ఇంటికెళ్ళి, నిద్రపోతున్న తమ్ముడి పక్క నుంచి ల్యాప్‌టాప్ తీసి, సంచిలో పెట్టుకుని రిపేరు షాపుకి వెళ్ళింది.

షాపతను నడివయసువాడు, మాట తక్కువ మనిషి. ముందు తన దగ్గరున్న వేరే తెరకి దాన్ని తగిలించాడు. బొమ్మ కళకళలాడుతూ వచ్చింది. "లోపల అంతా బాగానే ఉంది. జబ్బు తెర దగ్గరే" అన్నాడు. మరలు విప్పి, మూత చుట్టూ ఉన్న చట్రం ఊడదీసి, మడత దగ్గర వేలు పెట్టి చూపించాడు. అక్కడ సన్నటి తీగ ఒకటి నలిగి, పైతోలు చీలిపోయి ఉంది.

"మూత తెరిచినప్పుడల్లా, మూసినప్పుడల్లా ఇదే నలుగుతుందమ్మా. వెలుతురుకి కరెంటు ఇందులోంచే వెళ్ళాలి. పాత మిషను ఒకటి ఉంది, దాని తీగ సరిపోతుందేమో చూస్తాను. హామీ మాత్రం ఇవ్వను."

అతను పనిచేస్తున్నంతసేపూ ఆమె స్టూలు మీద కూర్చుంది. తెర వెలగాలని వచ్చిన మనిషికి, వెలక్కపోతే బాగుండునన్న ఆలోచన కూడా అక్కడే పుట్టింది. వెలిగితే ఇక కనపడలేదని చెప్పడానికి లేదు. తన మనసులో మాట తనకే వినపడి భయపడింది.

తెర వెలిగింది. షాపతను మూత ముందుకీ వెనక్కీ ఆడించాడు. తెర ఒక్కసారి కూడా రెప్ప వెయ్యలేదు.

ఆమె ఇంటికి వెళ్ళేసరికి మైకు లేచి ఉన్నాడు. ఒళ్ళో పెట్టి తెరిచింది. వెలుతురు అతని మొహం మీద పడింది. కాసేపు చూశాడు. తర్వాత వేలు కదిపాడు.

ఆరోజు నీకు కనపడింది కదా?

"కనపడిందిరా."

మరి చదవలేదేం?

"నోరు రాలేదు."

మళ్ళీ టకటకమని నొక్కాడు: నోరు లేనిది నాకు. నీకేమొచ్చింది?

ఆమెకి నవ్వొచ్చింది. నవ్వుతూ నవ్వుతూనే ఏడుపులోకి జారింది. మంచం పట్టె పట్టుకుని కింద కూలబడింది. "నువ్వు పోతే నాకెవరున్నార్రా? నన్ను తిట్టేవాడు కూడా ఉండడు కదరా" అంది. మైకు మొద్దువేళ్ళు ఆమె తల మీద పెట్టాడు.

ఆస్పత్రి నుంచి కబురొచ్చింది. మళ్ళీ ఇద్దరూ వెళ్ళారు. "సిద్ధమేనా?" అన్నాడు డాక్టరు. మైకు టైపు చేశాడు. అక్క లేచి నిలబడి, అక్షరం పొల్లుపోకుండా, గట్టిగా చదివింది.

"వద్దు. మీరు మంచివాళ్ళే. కానీ మీ మందు కన్నా మా అక్క నస నయం. నన్ను ఇంటికి పంపించండి."

డాక్టరు ఫైలు మూశాడు. ఇంకోసారి ఆలోచించమని అనలేదు. నొప్పికి ఏవి వాడాలో, ఎలా వాడాలో అక్కకి నిదానంగా చెప్పాడు. గుమ్మం దాకా తనే వచ్చి తలుపు పట్టుకున్నాడు.

ఆ తర్వాత అతను ఎక్కువ కాలం బతకలేదు. కొన్నాళ్ళు బాగానే గడిచాయి. బస్టాండు డ్రైవర్లు వచ్చి మంచం చుట్టూ కూర్చుని ఊళ్ళో సంగతులన్నీ చెప్పేవాళ్ళు. అతను తెర మీద తిట్లు కొట్టేవాడు, వాళ్ళు పోటీపడి పైకి చదువుకునేవాళ్ళు. తర్వాత నొప్పి పెరిగింది. మందు పెరిగింది. మెలకువ తగ్గింది. వాక్యాలు మాటలయ్యాయి. మాటలు సగాలయ్యాయి. తెర మాత్రం చివరిదాకా నిక్షేపంగా వెలిగింది.

చివరి రోజు పొద్దున్న అతని వేలు ఒక మాట దగ్గర ఆగింది: కిటికీ.

అక్క లేచి కిటికీ తెరిచింది. అతను తల అడ్డంగా ఊపాడు. మూసింది. మళ్ళీ అడ్డంగానే ఊపాడు. సగం తెరిచింది, తెరగుడ్డ లాగింది, మంచం అటు జరిపింది. ఏది చేసినా కాదన్నాడు. "ఏం కావాల్రా? కిటికీ ఏంట్రా? ఇంకో మాట కొట్టు" అని బతిమాలింది. వేలు లేవలేదు. ఎండ గోడ మీంచి నేల మీదకి దిగేలోపు అతను పోయాడు.

పలకరించడానికి వచ్చినవాళ్ళందరూ అదే అడిగారు. చివరికి ఏమన్నాడు, ఏమైనా చెప్పాడా అని. ఏదో పెద్దమాట వినబోతున్నట్టు ముందుకి వంగేవాళ్ళు. ఆమె కావాలనుకుంటే ఏదో ఒకటి చెప్పి వాళ్ళని తృప్తిపరచగలిగేది.

"కిటికీ అన్నాడు. ఎందుకన్నాడో నాకు తెలియలేదు" అనేది.