ఎర్తింగ్ లేని కంప్యూటర్

మొన్న మిర్యాలగూడ బజార్లో నీలం పట్టీల హవాయి చెప్పులు చూసి ఆగిపోయాను. గుర్తుందా, పదో తరగతి సెలవుల్లో మన కంప్యూటర్ సెంటర్? చెప్పులు గుమ్మం బయటే విడవాలి. మెషిన్‌కు బొట్టు పెట్టారు గానీ ఎర్తింగ్ పెట్టించలేదు. వట్టికాళ్లతో ముట్టుకుంటే జివ్వుమనేది.

సార్ కొత్త సౌండ్ కార్డు బిగించిన రోజు స్పీకర్ పలకలేదు. మెషిన్ నడుస్తుండగానే, స్పీకర్ వైరును కార్డు వెనక ఒక్కో రంధ్రంలో పెట్టి చూడాలి. రెండుసార్లు షాక్ కొట్టి సార్ చెయ్యి లాక్కున్నాడు. నేను బయటికెళ్లి నా నీలం పట్టీల రబ్బరు చెప్పులేసుకొచ్చాను.

"చెప్పులతోటి లోపలికొస్తవా? ఆడపిల్లవు, నీకేం తెలుసు?"

"షాక్ కొడతదని తెలుసు సార్. జర జరుగుండ్రి."

వైరు ఇంకో రంధ్రంలోకి మార్చాను. పాట గదంతా మోగింది.

"సరే, ఇగ చెప్పులు బయట విడువు."

"విడువను సార్."

కోర్సు అయ్యేదాకా విడవలేదు. ఇప్పటికీ ఎవరైనా నన్ను చెప్పులు బయటే విడవమంటే, లోపల ఎర్తింగ్ ఉందా అని అడుగుతాను.