ఆవకాయ జాడీ కింద మొసలి

తొంభైల్లో, పెళ్లయి ఉక్కునగరం క్వార్టర్స్‌కి వచ్చిన కొత్తలో, నాకు ఒక పిచ్చి ఉండేది. పేపర్లో రోజూ మూడు బొమ్మలుగా వచ్చే సాహసాల సీరియల్‌ని కత్తిరించి లాంగ్ నోట్‌బుక్‌లో అంటించుకునేదాన్ని. పుట్టింటి నుంచి తెచ్చుకున్న సామాన్లలో అలాంటి పుస్తకాలు నాలుగున్నాయి. ఎవరైనా చూస్తే నవ్వుతారని మా ఆయన వాటిని బియ్యం డబ్బా వెనక పెట్టించారు.

ఒకరోజు ఆయన తొందరలో ఆ రోజు పేపరే క్యారేజీకి చుట్టుకుని మార్నింగ్ షిఫ్ట్‌కి వెళ్లిపోయారు. క్యారేజీ తిరిగొచ్చింది గానీ పేపరు రాలేదు. ముందురోజు మా హీరో మొసళ్ల మడుగు మీద తాడు పట్టుకుని వేలాడుతున్నాడు. మర్నాడు చూస్తే ఒడ్డున కూర్చుని టీ తాగుతున్నాడు. ఎలా తప్పించుకున్నాడో తెలియక నాకు అన్నం సయించలేదు.

వారం తర్వాత కరివేపాకు కోసం పక్కింటికి వెళ్లాను. పక్కింటావిడది విశాఖ జాలరిపేట. ఆవిడ ఆకు కొయ్యడానికి పెరట్లోకి వెళ్లగానే, వంటింటి అరలో పరిచిన పేపరు మీద నా చూపు పడింది. నాకు దొరకని ఆ రోజు పేపరే! మొదటి బొమ్మలో మొసలి నోరు తెరిచింది. మిగతా రెండూ ఆవకాయ జాడీ కింద ఉన్నాయి. జాడీ ఎత్తి చంకన పెట్టుకుని వంగాను.

"ఏటమ్మా, ఏటి సేత్తన్నావు?"

ఆవిడ జాడీని చూసింది, నన్ను చూసింది, ముఖమంతా నవ్వయిపోయింది.

"పులుపు తినాలనిపిత్తే అడగలేవేటి? ఎన్నో నెల?"

"అయ్యో, అది కాదక్కా, మొసలి..."

"ఊరుకో. నాను ఎవలకీ సెప్పను."

గిన్నెడు ఆవకాయ చేతిలో పెట్టి నన్ను పంపించేసింది.

మధ్యాహ్నం మా ఆయన బూట్లు కూడా విప్పకుండా గుమ్మంలో నిలబడ్డారు.

"నేను తండ్రినవుతున్నానంట. బస్టాపులో పక్కింటాయన వాటేసుకుని, 'స్వీట్లేవి బావా?' అన్నాడు. నాకెప్పుడు చెబుదామనుకున్నావ్?"

జరిగింది చెప్పాను. ఆయన తనే బియ్యం డబ్బా వెనక నుంచి నోట్‌బుక్ తీసి, సాక్ష్యంగా పట్టుకుని నాతో పక్కింటికి వచ్చారు. ఆవిడ పేజీలు తిప్పుతూ కళ్లనీళ్లొచ్చేలా నవ్వింది.

"ఇంతకీ మొసలేటి సేసింది?" అంటూ జాడీ తనే తీసింది.

నూనె పీల్చిన కాగితంలో వెనక అక్షరాలు కూడా కనిపిస్తున్నాయి. హీరో మొసలి నెత్తి మీద కాలు పెట్టి ఒడ్డుకి దూకాడు.

"అంతేనా?" అన్నారు మా ఆయన.

"తొక్కితే ఊరుకుందేటి, మొసలి?" అని ఆవిడకి కోపమొచ్చింది.

మా సెక్టారు క్వార్టర్స్‌లో అందరికీ అసలు సంగతి తెలిసేసరికి నెల పట్టింది. ఈలోగా ఇరుగుపొరుగు నాకోసం పంపిన పుల్ల మామిడికాయలన్నీ మా ఆయనా నేనూ కలిసి తినేశాం.