పిందెలు తుంచని ఏడాది

కొవిడ్ లాక్‌డౌన్‌లు ముగిసిన మరుసటి ఏడాది జూన్‌లో, మెల్‌బోర్న్ శివారులోని ఒక పెద్ద నర్సరీలో నన్ను ఇంటితోటల సలహాదారుగా వేశారు. మొక్కలు అమ్మేవాళ్లకు పైన, సీనియర్ సలహాదారుకు కింద ఉండే ఉద్యోగం అది. ఏ మొక్క ఎప్పుడు నాటాలో, ఏ మందు ఎప్పుడు కొట్టాలో కొన్నవాళ్లకు చెప్పాలి. అదే హోదాలో విజయ కూడా ఉండేది. నెల్లూరు అమ్మాయి, నాలాగే హార్టికల్చర్ చదివింది, వయసులో నాకన్నా చాలా చిన్న. క్లైడ్ నార్త్ అనే పేటలో మా రెండిళ్లకూ మధ్య ఒక చెక్క కంచె మాత్రమే అడ్డం.

అప్పుడే సీనియర్ పోస్టు ఖాళీ అయింది. ఏటా వేసవిలో, అంటే ఇక్కడ జనవరిలో, ఖాతాదారులను ఒక సలహాదారు ఇంటి తోటకు తీసుకెళ్లడం మా నర్సరీ ఆనవాయితీ. ఈసారి ఎవరి తోటను ఎంచుకుంటే పోస్టు వాళ్లకేనని మేనేజరు గ్లెన్ సూటిగా చెప్పాడు. పూలప్పుడు ఒకసారి, పండ్లప్పుడు ఒకసారి తానే వచ్చి చూస్తానన్నాడు. రిటైరయ్యేలోగా నాకు అందే చివరి మెట్టు అది. విజయకు ఇంకా బోలెడు సర్వీసుంది. ఆమె కూడా అప్లై చేసిందని తెలిసిన రోజు నాకు అన్నం సహించలేదు.

మా ఇద్దరి పెరళ్లలోనూ ఒక్కో పీచ్ చెట్టు ఉంది. దానికి చలికాలం చివర్లో, అంటే ఇక్కడ ఆగస్టులో, మొగ్గ ఉబ్బి ఇంకా విచ్చకముందే రాగి మందు కొట్టాలి. ఆలస్యమైతే ఆకుముడత తగులుకుంటుంది. నేను కొట్టాను. విజయ నాకన్నా ముందే కొట్టేసింది. చెట్ల పాదుల్లో ఇద్దరం అంతకుముందే పసుపు పూల డాఫడిల్ దుంపలు పాతాం. ముందు పూసినవి ఆమెవే. కిటికీలోంచి ఆ పసుపు కనబడిన ప్రతిసారీ నాకు కడుపు మండిపోయేది.

ఆ రోజుల్లోనే విజయ అత్తగారు ఆరు నెలలు ఉండటానికి వచ్చారు. పొద్దున్నే స్నానం చేసి, స్టీలు గిన్నె పట్టుకుని, చెయ్యి అందినంత మేర పీచ్ పూలు కోసి పూజకు తీసుకెళ్లేవారు. డాఫడిల్స్‌నూ వదిలేవారు కాదు. విజయ కంచె దగ్గర తల పట్టుకుంది.

“ఫ్రూట్ ట్రీ అత్తమ్మా, పూలు కోస్తే కాయలుండవు అంటే వినదక్కా! ఐ గివప్.”

అత్తగారు అటునుంచే అందుకున్నారు. “అన్నన్ని పూలుండాయి గదమ్మా, దేవుడికి గుప్పెడు పెడితే చెట్టుకేం తరుగు?”

ఆంటీ మాటే సబబని నేను గట్టిగా బలపరిచాను. ఆ మాట అంటున్నప్పుడు నాకెంత హాయిగా ఉందో చెప్పలేను.

సెప్టెంబరులో గ్లెన్ వచ్చాడు. నా చెట్టు నిలువెల్లా గులాబి రంగు. విజయ చెట్టు కింది కొమ్మలు బోసిగా ఉన్నాయి. అతను నా చెట్టుకే ఫోటోలు తీసుకున్నాడు. పోస్టు చేతికొచ్చేసిందనుకున్నాను.

పిందెలు ఉసిరికాయంత అయ్యాక, రెండింటి మధ్య బెత్తెడు ఎడం ఉండేలా మిగతావి తుంచేయాలి, అప్పుడే ఉన్నవి లావవుతాయి. థిన్నింగ్ అంటాం. ఖాతాదారులకు రోజూ నేను చెప్పే పాఠమే ఇది. నా చెట్టుకు మాత్రం ఒక్క పిందె తుంచలేదు. జనవరిలో కొమ్మకొమ్మకీ గుత్తులు వేలాడుతుంటే విజయ మొహం ఎలా ఉంటుందో చూడాలని నా కోరిక. ఆమె తన పై కొమ్మలు పల్చన చేసుకుంటూ, “థిన్నింగ్ చెయ్యలేదేం అక్కా?” అని అడిగింది. నా కాయలు తగ్గించాలని చూస్తోందనుకున్నాను.

క్రిస్మస్ సెలవుల్లో నా చెట్టు పెద్ద కొమ్మ బరువుకు విరిగింది. మిగిలిన కాయలు నిమ్మకాయంత దగ్గరే ఆగిపోయాయి. విజయ చెట్టున పళ్లు తక్కువే గానీ ఒక్కొక్కటీ గుప్పిట పట్టనంత. కింది కొమ్మల థిన్నింగ్ అంతా ఆంటీ పూజగదిలో జరిగిపోయిందని అప్పుడు అర్థమైంది. జనవరిలో గ్లెన్ వచ్చి నా విరిగిన కొమ్మను చూశాడు. ఖాతాదారులను కంచె అవతలికి తీసుకెళ్లాడు.

ఆ తర్వాత రిటైరయ్యేదాకా నా సెలవులు మంజూరు చేసింది విజయే. చేసినప్పుడల్లా ఎంతో మర్యాదగా, “వెళ్లిరండక్కా” అనేది. అదే నాకు మరీ మంట.

ఈ వృత్తిలో నేను నేర్చుకున్నది ఒకటుంది. పిందెలు తుంచేటప్పుడు పక్కింటి చెట్టు వైపు చూడకూడదు. ఇప్పుడు కంచె వైపు వీపు తిప్పి తుంచుతున్నాను. పళ్లు బాగానే వస్తున్నాయి.

అసూయ మాత్రం తగ్గలేదు. ఆ జనవరిలో ఆంటీ ప్రసాదంతోపాటు ఒక పీచ్ పండు పంపారు. ఎలా ఉందని విజయ రెండుసార్లు అడిగింది. అంత తియ్యటి పీచ్ నేను ఈ దేశంలో మరెక్కడా తినలేదు. ఆ మాట ఆమెకు ఇంతవరకూ చెప్పలేదు.