బావ పట్టుకోమన్నోణ్ణి నాను ఒగ్గలేదు

నవ్వడం ఆపండి ముందు. ఆపితేనే సెప్తాను. మొన్న ఆదివారం ఫుట్‌బాల్ సెమీఫైనల్లో నాకు ఒకణ్ణి అప్పజెప్పారు, గోల్ కొట్టకుండా సూడమని. ఆడు ఒక్క గోల్ కూడా కొట్టలేదు. అయినా మేం ఓడిపోనాం, తిట్లన్నీ నాకే పడ్డాయి. ఇందులో నా తప్పేటో నాకింకా అర్థం కావట్లేదు, మీరే సెప్పండి.

మా అక్క మొగుడు సత్యం బావ మా కంపెనీ స్టోర్స్‌లో హెడ్డు. నానూ ఆయన కిందే పని సేత్తన్నాను. ఈ నెలాఖరికి ఆయన రిటైరైపోతాడు. ఏటా మా కంపెనీలో సెక్షన్ల మధ్య పోటీలు పెడతారు కదా, మా స్టోర్స్ టీమ్‌కి కోచ్, మేనేజరు, నిమ్మకాయ ముక్కలు కోసేవాడు, అన్నీ ఆయనే. ఇన్నేళ్లలో ఒక్కసారీ కప్పు రాలేదు. ఈసారి ఎలాగైనా వస్తాదని ఆఫీసు అద్దాల బీరువాలో పై అర ఖాళీ సేయించి, తడిగుడ్డతో తుడిపించి పెట్టాడు. తుడిసింది నానే.

బావ లెక్క ఒకటే. "లీగ్ మ్యాచుల్లో ఓ గోల్ పడినా తర్వాత రెండు కొట్టి నిలబడొచ్చురా. నాకౌట్‌లో ఒక్కటి పడిందా, మూటా ముల్లే సర్దుకుని ఇంటికే! అందుకే ముందు డిఫెన్స్."

నిజమే మరి. లీగ్ మొత్తం మా మీద ఒక్క గోల్ కూడా పడలేదు. అదంతా మా డిఫెండర్ గణేషు పుణ్యం. గేటుకి తాళం ఏసినట్టు నిలబడతాడు. సెమీస్ రోజు పొద్దున్న ఆడికి జొరం! ఫోన్‌లో మూలుగుతన్నాడు. పదకొండో మనిషి లేడు. బావ సుట్టూ సూసాడు. నాను నిమ్మముక్కల డబ్బా పట్టుకుని నిలబడున్నాను.

"రాజూ, బూట్లు ఏసుకో."

"బావా! నాకు క్రికెట్టే సరిగ్గా రాదు!"

"నువ్వేటీ ఆడక్కర్లేదురా. అదిగో, ఆ తొమ్మిదో నంబరోడు అప్పన్న. క్రేన్ సెక్షన్‌కి గోల్స్ కొట్టేది ఆడొక్కడే. ఆణ్ణి ఒగ్గకు. ఆడెక్కడికెల్తే నువ్వక్కడికెల్లు. ఆడు అన్నం తింటే నువ్వు పక్కన కూకో. అర్థమైందా?"

ఇంత ఇడమర్సి సెప్పాక అర్థం కాకపోడమేటి?

మ్యాచ్ మొదలైంది. అప్పన్న కుడికెల్తే నాను కుడికి, ఎడమకెల్తే ఎడమకి. బంతి ఎక్కడుందో నాకు తెలీదు, దాంతో నాకు పనేటి? ఆడు బూటు తాడు కట్టుకోడానికి వంగితే నానూ వంగాను. హాఫ్‌టైమ్‌లో ఆడు ఒంటేలికని గోడ ఎనక్కెల్తే, నాను గోడకి ఇవతల నిలబడ్డాను. బయటికొచ్చి నన్ను సూసి హడిలిపోనాడు పాపం.

"ఏటి బాబూ నీకు నాతో పని?"

"మా బావ సెప్పాడు."

"మీ బావ మంచోడే గానీ, కాస్త గాలి ఆడనీ!"

ఆడనిస్తానా! ఆ మూల నుంచి బావ నా వైపు సూసి సప్పట్లు కొడతన్నాడు. నా జన్మలో ఆయన నన్ను మెచ్చుకోవడం అదే మొదలు. ఛాతీ ఇంత అయిపోనాది నాకు.

ఇంకో పది నిమిషాలుంది. స్కోరు సున్నా సున్నా. పెనాల్టీలకెల్తే మా గోల్‌కీపర్‌కి తిరుగు లేదు. సరిగ్గా అప్పుడు అప్పన్న మోకాలు పట్టుకుని కూలబడ్డాడు. లేసి కుంటుకుంటూ గీత దాటి బయటికెల్లిపోనాడు. ఆళ్ల టీమ్‌కి ఉన్నవే పదకొండు జెర్సీలు. అందుకని ఆ తొమ్మిదో నంబరు జెర్సీ ఇప్పి ఓ పొట్టోడికిచ్చాడు. ఆ పొట్టోడు దాన్ని తొడుక్కుని లోపలికి లగెత్తాడు.

ఓర్నాయనో! నా బుర్ర గిర్రున తిరిగిపోనాది. ఇప్పుడు నాను ఎవరెనక ఎల్లాలి? బనీనుతో కూకున్నోడి ఎనకా, జెర్సీ ఎనకా? బావ 'తొమ్మిదో నంబరోడు' అన్నాడు. 'అప్పన్న' అని కూడా అన్నాడు. ఎల్లాలా, ఉండాలా? అప్పుడు ఎలిగింది. 'ఆడు అన్నం తింటే పక్కన కూకో' అన్నాడు కదా. జెర్సీ అన్నం తింటాదేటి? తినదు. మనిషే తింటాడు. అంటే మనిషే! గీత దాటి ఎల్లి అప్పన్న పక్కన కూకున్నాను.

నన్నూ మార్సీసారనుకున్నాడో ఏటో, రిఫరీ ఏటీ అనలేదు. అవతల నుంచి బావ సేతులూపుకుంటూ గంతులేత్తన్నాడు. మళ్లీ మెచ్చుకుంటన్నాడనుకుని నానూ సెయ్యూపాను. "ఒగ్గలేదు బావా!" అని అరిసాను కూడా.

అప్పన్న నన్ను కింద నుంచి మీది దాకా సూసాడు. "ఇక్కడికీ వచ్చీసావా?" అని, తాగుతన్న సోడా సగం నాకిచ్చాడు. ఆడిది తగరపువలసంట. మా మేనత్తదీ అదే ఊరు. ఏ వీధి, ఎవరింటి పక్కన అని మాటల్లో పడిపోనాం.

అంతలో 'గోల్' అని ఒకటే కేకలు! తలెత్తి సూత్తే మా గోల్ ముందు తొమ్మిదో నంబరు ఎగిరెగిరి గంతులేత్తంది. గణేషు ఉండాల్సిన సోట, అంటే నాను ఉండాల్సిన సోట, ఈగ కూడా లేదు. కంగారుగా అప్పన్న సెయ్యి పట్టుకున్నాను. ఇక్కడే ఉన్నాడు! మరి గోల్ ఎలా పడింది?

ఒకటి సున్నా. అయిపోనాది మ్యాచు.

టీమంతా నా మీద పడ్డారు. బావ మాత్రం మిగిలిన నిమ్మముక్కలు డబ్బాలో ఏసి మూత పెడతన్నాడు. ఆ మూత ఎంతకీ పట్టట్లేదు. బీరువాలో పై అర గుర్తొచ్చి నాకు ఏడుపొచ్చీసింది.

"బావా, అప్పన్న ఒక్క గోల్ కూడా కొట్టలేదు," అన్నాను.

"డిఫెన్స్ అంటే కాపలా కాయాల్సింది మన గోల్‌కిరా. అప్పన్నకి కాదు."

"ఆ ముక్క ముందే సెప్పొచ్చు కదేటి!"

ఇంటికెల్తే మా అక్క ఆయన్నే కేకలేసింది. "పోయి పోయి ఈడికా అప్పజెప్పేరు? సిన్నప్పుడు పాలు సూడరా అని నాను స్నానానికెల్తే, పొంగి పొయ్యంతా పారేదాకా నిలబడి సూసినోడు! స్టవ్ ఆపమన్లేదు కదా అన్నాడు!" అప్పుడు నవ్వాడు బావ, కళ్లు తుడుసుకుంటూ. ఆ నీళ్లు నవ్వుకొచ్చినవో, కప్పుకొచ్చినవో నాకు తెలీలేదు.

వచ్చే వారం ఆయన రిటైర్మెంట్ ఫంక్షను. పోనీలే, తప్పు దిద్దుకుందామని భోజనాల సంగతి నాను సూసుకుంటానన్నాను. బావ రెండు సేతులూ జోడించీసాడు. "వద్దురా బాబూ! నువ్వు ఏ పనీ సెయ్యకు. ఓ కుర్చీలో కూకో. నాను లెగమనేదాకా లెగకు."

పని సులువే. కానీ ఆ దండలు, ఫోటోలు, ఆ హడావుడిలో ఆయన లెగమనడం మర్సిపోతే? అందుకే మిమ్మల్ని టీకి పిలిసాను. మీలో ఒకరు ఆ రోజు రండి. అందరూ ఎల్లిపోయాక వచ్చి నన్ను లెగమనండి.

అయినా, లెగమనాల్సింది బావ కదేటి... మీరు సెప్తే లెగొచ్చా?