జాలారిపేట మలుపులో సైడ్‌కారు

మొన్న ఆదివారం పొద్దున్నే బీచ్ రోడ్డులో నడకకు వెళితే పాత మోటారు సైకిళ్ల ఊరేగింపు ఒకటి ఎదురొచ్చింది. తళతళలాడే బళ్లు, వాటికి పూలదండలు, ముందు పోలీసు జీపు. జనమంతా ఫొటోలు తీసుకుంటున్నారు. అందులో సైడ్‌కారు ఉన్న బండి ఒకటి దడదడమంటూ పక్కనుంచి వెళ్లేసరికి, నేను మాత్రం పిట్టగోడ మీద కూర్చుండిపోయాను.

నా ఈడువాళ్లకు గుర్తుండే ఉంటుంది, ఈ రోడ్డు మీద ఒకప్పుడు జరిగినవి ఊరేగింపులు కావు, పందేలు. బస్సులు పలచగా తిరిగే ఆ రోజుల్లో వర్కుషాపుల కుర్రాళ్లు వేలంలో కొన్న మిలటరీ బళ్లను తామే బాగుచేసుకుని, సెలవునాడు హార్బరు వైపు నుంచి లాసన్స్ బే దాకా తోలేవారు. మలుపుకో మనిషి ఎర్రగుడ్డ పట్టుకుని నిలబడితే అదే బందోబస్తు. మా ఆయన, నాకు మేనబావ కూడా, సైడ్‌కారు బండి నడిపేవాడు. దానికి ఎడమపక్క తగిలించిన ఒంటిచక్రం తొట్టిలో మా అన్నయ్య ఉండేవాడు. ఊరికే కూర్చుంటే చాలదు. బండి ఎడమకు తిరిగినప్పుడల్లా ఒళ్లంతా బయటికి వేలాడేసి బరువు ఆపకపోతే, తొట్టి గాల్లోకి లేచి తిరగబడుతుంది.

ఒక ఏడు పందెం ముందురోజు అన్నయ్య మణికట్టు బెణికింది. తోడు లేనిదే సైడ్‌కారును పందెంలోకి రానివ్వరు. ఏడాదంతా డ్యూటీ దిగొచ్చి ఆ ఇంజనుతోనే కాపురం చేసిన మనిషి, మర్నాడు పందెం గీత దగ్గర్నుంచి బండిని ఇంటివైపు తిప్పుతుంటే చూడలేకపోయాను.

“నాను కూకుంటాను బావా,” అన్నాను.

“సంతకెల్లినట్టు కాదే. నీకేటైనా అయితే మీయమ్మకేటి సెప్పాల?”

“తగరపువలస రోడ్డులో అన్నయ్యే కదేటి నాకు ఒంగడం నేర్పింది?”

 అన్నయ్య తన హెల్మెట్టు తీసి ఒంటిచేత్తోనే నా తలకు తగిలించాడు. నేను చీర కుచ్చిళ్లు వెనక్కి లాగి గోచీలా బిగించుకున్నాను.

బండి కదిలాక సముద్రం హోరు కూడా వినబడలేదు. మొదటి మలుపులు ఎలాగో దాటాం. మా వెనకే వస్తున్న బండి మోత మెడకు తగులుతున్నట్టే ఉంది. పెద జాలారిపేట దగ్గర రోడ్డు ఎడమకు మెలిక తిరిగే చోట ఎర్రగుడ్డ మనిషి కనబడలేదు. నేను బయటికి వంగేసరికి ఎదురుగా, రోడ్డు నడుమ, తలమీద చేపల గంపతో ఒకావిడ! గాలి హోరులో మా చప్పుడు విననట్టుంది. విన్నాక అటూ ఇటూ కదలలేక అలాగే కొయ్యబారిపోయింది. కుడివైపు ఆవిడ, ఎడమవైపు ప్రహరీగోడ. మా ఆయన హ్యాండిలు ఇంకా ఎడమకు విరిచేశాడు. నా కింద చక్రం నేల వదిలింది.

“ఒంగే!” అని ఒక్క కేక.

తొట్టి రాడ్డు పట్టుకుని నడుము దాకా బయటికి పడిపోయాను. మోచెయ్యి గోడకు రాసుకుపోయింది. చక్రం దిగుతుందా లేదా అన్న ఆ కాసేపట్లో దేవుడు కూడా గుర్తు రాలేదు, మా ఆయన ఊపిరి మాత్రం వినబడింది. దభీమని చక్రం నేలను తాకి, బండి గోడ చివర ఉన్న ఇసుకమేటలోకి దూరి ఆగిపోయింది. వెనక బండ్లవాళ్లు ఆవిడ దాటాక మమ్మల్ని తప్పించుకుని వెళ్లిపోయారు.

మా ఆయన చేతులు హ్యాండిలు వదలడం లేదు. ఆవిడ గంప దించి, మా మీదికి వచ్చింది.

“రోడ్డు మీ బాబుదేట్రా? నాను సచ్చుంటే నా పిల్లల్ని ఎవుడు సూత్తాడు?”

మా ఆయన తల వంచుకున్నాడు. “తప్పయిపోనాదమ్మా,” అన్నాడు.

అప్పుడు నన్ను చూసింది. “ఓలమ్మో, ఆడకూతురు! సెయ్యంతా రగతమే!” అంటూ తన కొంగు చింపి కట్టు కట్టింది. కడుతున్నంతసేపూ మా ఇద్దర్నీ తిడుతూనే ఉంది.

మా ఆయన మరి పందెంలో దిగలేదు, అన్నయ్యా అడగలేదు. ఆవిడ మాత్రం ఇల్లు వాకబు చేసుకుని, ఆ వారంలోనే గంపలో కానాగంత చేపలు తెచ్చి, నా మోచెయ్యి ఎలా ఉందో విప్పి చూసింది. అప్పట్నుంచి నేను తనకు మరదలిని, మా ఆయన తమ్ముడు. ఆయన పోయినప్పుడు నా పక్కన కూర్చుని నాకంటే గట్టిగా ఏడ్చింది. ఇప్పుడు తనూ లేదు.

ఆ రోడ్డుకు నడుమ కంచె కట్టారు. గంపలవాళ్లు సిగ్నలు దాకా నడిచి దాటుతారు, ప్రాణాలకు భయం లేదు, మంచిదే. కానీ కోపమొచ్చినవాడు హారను కొట్టి, కారు అద్దమైనా దించకుండా సాగిపోతున్నాడు. అలాంటివాడి ఇల్లు వెతుక్కుంటూ చేపలు పట్టుకుని ఎవరు వెళతారు?