పట్టు వదలని చెయ్యి

నూకరాజు పదహారేళ్లుగా ఉక్కు ప్లాంటులో క్రేను నడుపుతున్నాడు. డెబ్బై అడుగుల ఎత్తున కేబిన్లో కూర్చుని, కరిగిన ఉక్కు నిండిన లేడిల్‌ని, అంటే గదంత ఉండే బాల్చీని, పోత పోసే చోటికి చేరవేయడం అతని పని. శ్రీకాకుళం నుంచి వచ్చి అదే ప్లాంటులో పార పట్టిన తండ్రి, తన కొడుకు అంతెత్తున కూర్చుంటాడని తాముండే ఖుర్సీపార్ బస్తీ అంతా చెప్పుకునేవాడు.

నలభై ఒకటో ఏట నూకరాజుకి దేహదారుఢ్య పోటీలో నిలబడాలని కోరిక పుట్టింది. రాయపూర్‌లో పోటీ. పద్నాలుగు వారాలు అన్నం ముట్టలేదు. తెల్లసొన, చప్పిడి చికెను, కీరదోసకాయ, అంతే. పొట్ట కరిగి కండల మీద గీతలు తేలాయి. అద్దం ముందు గర్వంగా ఉండేది. మెట్లెక్కితే మాత్రం కళ్లు బైర్లు కమ్మేవి.

పోటీకి ఇంకా రెండు రోజులుందనగా జిమ్ము నడిపే విక్రమ్ చెప్పాడు. "రాజు భయ్యా, ఇంక నమక్ బంద్, ఉప్పన్నదే వద్దు. నీళ్లు కూడా గొంతు తడుపుకోడానికే. అప్పుడే చర్మం కండకి అతుక్కుంటాది."

మర్నాడు పొద్దున్న భార్య అపర్ణ అతని ముందు మంచినీళ్ల గ్లాసు పెట్టింది.

"దవడలు లోపలికి పోనాయి మావా. తెల్లారగట్ల కాలు పట్టేసిందని అరిసినావు. నాకు బయ్యంగా ఉంది. ఇయాల డ్యూటీకి ఎల్లకు."

"రెండ్రోజులే గదే. ఏటీ అవదు," అన్నాడు గానీ, అతనికీ లోపల బెరుగ్గానే ఉంది. నీళ్లు తాగకుండానే వెళ్లిపోయాడు.

పదకొండింటికి నిండు లేడిల్ ఎత్తాడు. సగం దూరం వెళ్లేసరికి ఎడమచేతి వేళ్లు క్రేను నడిపే లివరు చుట్టూ కొంకర్లు పోయాయి. లివరు వదిలేస్తే చాలు, క్రేను మెల్లగా ఆగుతుంది. కానీ చెయ్యి వదలడం లేదు. అది తన చెయ్యి కానట్టే ఉంది.

ఎదర నలుగురు పనివాళ్లు ఇటు వీపు పెట్టి నిలబడి ఉన్నారు. ఎర్ర బటన్ నొక్కితే క్రేను ఒక్క ఊపున ఆగి ఉక్కు తొణికిపోతుంది. నొక్కకపోతే లేడిల్ నేరుగా వాళ్ల మీదికే. కేకేద్దామంటే నాలుక అంగిటికి అంటుకుపోయింది. కాలి కిందున్న హెచ్చరిక గంట మీట తొక్కాడు, ఆపకుండా తొక్కాడు.

కింద సైగలు చేసే సంజయ్ తలెత్తి చూశాడు. "హటో! పక్కకి పోండి!" అని అరుస్తూ పరిగెత్తాడు. ఆ నలుగురూ చెదిరిపోయారు.

నూకరాజు కుడిచేత్తో ఎడమచేతి వేళ్లను ఒక్కొక్కటే పెళ్లగించాడు. బొటనవేలు లివరు మీంచి వదలగానే క్రేను ఆగింది. లేడిల్ ఊగి, దోసెడు ఉక్కు తొణికి, ఖాళీ నేల మీద నిప్పురవ్వలై చిమ్మింది. అంతకు అరనిమిషం ముందు అక్కడ మనుషులున్నారు.

అతనికి ఏడుపొచ్చింది. కంట్లో చుక్క నీరు రాలేదు.

అతన్ని కిందికి దింపాక షిఫ్టు ఇన్‌చార్జి పరబ్రహ్మం అడిగాడు. "లివరు పట్టేసిందా?"

అవునంటే సరిపోయేది. నూకరాజు ఆ నలుగురి ముఖాలు చూశాడు.

"లివరుకేటీ అవలేదు సార్. నిన్నట్నించి నాను నీళ్లు తాగనేదు. పోటీ కోసం."

పరబ్రహ్మం తన నీళ్ల సీసా మూత తీసి అందించాడు.

పోటీ జరిగిన రోజున నూకరాజు సెలైన్ ఎక్కించుకుంటూ ఆసుపత్రిలో ఉన్నాడు. మూడు నెలలు క్రేను ఎక్కనివ్వలేదు. పరీక్షలన్నీ అయ్యాక డాక్టరు సరేనన్నాడు గానీ, నిచ్చెన దగ్గరికొచ్చేసరికి నూకరాజు మొదటి మెట్టు మీద చెయ్యేసి ఆగిపోయాడు.

"పదన్నా, నేనూ వస్తా," అన్నాడు సంజయ్.

ఆ పూట మొదటి లేడిల్ దించేదాకా సంజయ్ కేబిన్లో అతని వెనకే నిలబడ్డాడు. నూకరాజు ఒక్కసారి కూడా వెనక్కి తిరిగి చూడలేదు. సంజయ్ అక్కడే ఉన్నాడా అని మాత్రం రెండుసార్లు అడిగాడు.