మూత కింద గుడ్డు

దగ్గరికి జరిగి కూర్చోండి, ఆ సెల్లు కాసేపు పక్కనబెట్టండి. నా మనవరాలి సంగతి చెప్తా. మధ్యలో నేను వీధి దిక్కు చూస్తే తప్పు పట్టొద్దు. ట్యాంకరు వచ్చే పొద్దు ఇది.

మాది కొనకనమిట్ల దిక్కు. బోర్లు ఎండినాక మా పేటకు ట్యాంకరు నీళ్లే. ఒకనాడు పొద్దున్నే వస్తాది, ఒకనాడు రానే రాదు. హారన్ వినపడితే చాలు, పేటంతా వీధిలోకి ఉరుకుతాది. బిందెలు వరసలో పెట్టుకుంటాం గానీ, ఆ వరస ఎవరు చూస్తారు? పైపు దొరికినోళ్లదే నీళ్లు. నా మోకాళ్లు పనిచెయ్యవు. కూతురూ అల్లుడూ మిరపకోతలకు గుంటూరు దిక్కు పోయినారు. అందుకని నాలుగో తరగతి చదివే మనవరాలే పైపు పట్టుకోవాల. మోచేతులతో తోసి, అరిచి, గిచ్చి అయినా బిందె నింపుకొస్తాది. "మా పులి" అనేదాన్ని.

ఆ పులే, గౌను తడి ఆరకముందే బడికి పోయేది.

ఒకనాడు బడి నుంచి నాకు పిలుపు వచ్చింది. పోతే ఏముంది, మధ్యాహ్నం అన్నం వరసలో మా మనవరాలు ముందున్న పిల్లను తోసేసింది. వేడి సాంబారు ఒలికి ఆ పిల్ల చెయ్యి ఎర్రగా కందింది. వాళ్లది ఇంకా నీళ్లు పడే బోరున్న ఇల్లు. నేను కలుపు తీసేది వాళ్ల చేలోనే. ఆ పిల్ల తల్లి అప్పటికే వచ్చి కూర్చోనుంది.

"ఏందమ్మే, పిల్లను పెంచుతాన్నావా, పొడిచే బర్రెను పెంచుతాన్నావా?"

"తప్పేలే అమ్మా," అన్నా. ఇంకేం అనాల?

"ఇంకోసారి ఇట్లయితే దీన్ని బడి మాన్పించండి టీచరమ్మా. లేకుంటే మేం ఊరుకోం."

బడి మానితే అది కూడా మిరపకోతలకే పోవాల.

మార్కాపురం నుంచి ఆటోలో వచ్చే టీచరమ్మ దాన్ని దగ్గరికి పిలిచింది.

"ఎందుకు తోసినావు, తల్లీ?"

"గుడ్లు అయిపోతాయి కదా."

"అందరికీ సరిపోను ఉన్నాయే!"

"ట్యాంకరు మామ గూడా అట్లే చెప్తాడు."

ఆ తల్లి నవ్వబోయి ఆపుకుంది. టీచరమ్మ నవ్వలేదు. నా దిక్కు చూసింది. నేను గోడ దిక్కు చూసినా.

మర్నాడు నన్ను గూడా రమ్మనింది. గంట కొట్టకముందే మా మనవరాలి ప్లేటులో అన్నం, గుడ్డు పెట్టించి, ఇంకో ప్లేటు మూతేసి, బల్ల మీద దాని కళ్ల ముందరే ఉంచింది. "ఇది నీది. ఎవరూ తియ్యరు. నువ్వు మాత్రం వరసలో నిలబడి, నీ వంతు వచ్చినప్పుడే తీసుకోవాల."

సరేనంది గానీ, కాళ్లు నిలిస్తేనా! ఉరికొచ్చి మూత ఎత్తి చూసేది, మళ్లా వెనక్కి పోయేది. మళ్లా వచ్చేది. "ఉందా?" అని టీచరమ్మ అడిగితే, నమ్మీ నమ్మనట్టు "ఉంది" అనేది. నేను గుమ్మం కాడ కొంగు నోట్లో కుక్కుకొని నిలబడినా. ఎవర్నన్నా తోసిందా, ఇంక అంతే. ఎవర్నీ తోయలేదు.

రోజూ అట్లే ప్లేటు పెడతా ఉంటే, పోంగా పోంగా మూత ఎత్తేది తగ్గింది. ఒకనాడు ఆ చెయ్యి కందిన పిల్లే, "పోయి చూడవే, గుడ్డు పిల్లయిందేమో!" అని ఎగతాళి చేసిందంట. మాది చెయ్యెత్తలేదంట. పకపకా నవ్విందంట. ఆ మాట విన్న రోజు నాకు అన్నం అరిగింది.

ట్యాంకరు పొద్దున మాత్రం మళ్లా మొదటికే వస్తాది. ఆ రోజు ప్లేటు మీద నుంచి చూపు తియ్యదంట.

అదిగో, హారన్. నేను లేస్తా. ప్రభువు మీ ఇంట్లో బిందెలు నిండుగా ఉంచాల. మీ పిల్లలు ఎవర్నీ తోయకుండా, ఎవరిచేతా తోయించుకోకుండా, నిమ్మళంగా అన్నం తినాల.